తారుమారు కాని కొలతలు

1610లో గెలీలియో దూరదర్శినిలో చూస్తే శనిగ్రహానికి అటూ ఇటూ రెండు చిన్న గోళాలు అంటుకున్నట్టు కనిపించింది. ఇంకొన్నాళ్లు పరిశీలించాలి, ఈలోగా ఆ ఘనత మరొకరు తన్నుకుపోకూడదు. అందుకని విషయాన్ని ఒక లాటిన్ వాక్యంగా రాసి, అందులోని 37 అక్షరాలనూ కలగాపులగం చేసి పంపాడు. ఆ అక్షరాలతో కుస్తీపట్టిన కెప్లర్, అంగారకుడికి రెండు ఉపగ్రహాలున్నాయని చదువుకున్నాడు! 1676లో రాబర్ట్ హుక్ కూడా తన స్ప్రింగు సూత్రాన్ని 14 అక్షరాల్లో దాచి, రెండేళ్ల తర్వాత విప్పి చెప్పాడు. ఎవరు ముందు కనుగొన్నారో తేల్చడానికి ఈ పద్ధతి చాలు. కొలతలను తర్వాత ఎవరూ దిద్దలేదని చూపడానికి చాలదు.

ఆ అవసరం అణుపరీక్షల దగ్గర ముంచుకొచ్చింది. 1970ల చివర్లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ సంపూర్ణ పరీక్షల నిషేధంపై చర్చించాయి. భూగర్భ పరీక్షను పట్టుకోవాలంటే అవతలి దేశం గడ్డమీదే భూకంపమాపకాలు పెట్టాలి. ఆ దేశమే అంకెలు మార్చి పంపితే? పోనీ అంతా రహస్య లిపిలో పంపుదామంటే, ఆ ముసుగులో గూఢచర్యం సాగదని ఆ దేశానికి భరోసా ఏది? అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో గుస్టవస్ సిమన్స్ పట్టుకున్న దారి ఇది: అంకెలు బాహాటంగానే వెళ్లాలి, వాటి నుంచే లెక్కగట్టిన ముద్ర ఒకటి వెంట వెళ్లాలి. ఒక్క అంకె మారినా ముద్ర సరిపోదు. అయితే ఇరుపక్షాల దగ్గరా ఒకే రహస్య తాళంచెవి ఉంటే దొంగముద్ర ఇద్దరిలో ఎవరైనా వేయగలరు. 1976లో డిఫీ, హెల్మన్ ప్రతిపాదించిన బహిరంగ తాళంచెవి ఈ చిక్కు విప్పింది. ముద్ర వేసే తాళంచెవి పరికరం లోపలే ఉంటుంది, సరిచూసే తాళంచెవి అందరికీ ఇవ్వవచ్చు. సిమన్స్ అక్కడితో ఆగలేదు. ఆ ముద్రలోనే రహస్య సందేశం దాచవచ్చని గుర్తించి 1983లో బయటపెట్టాడు. తాను నమ్మిన పద్ధతిలోని లోపాన్ని తానే చూపిన ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. నేడు వియన్నాలోని అణుపరీక్షల నిషేధ ఒప్పంద సంస్థకు పర్యవేక్షక కేంద్రాల సమాచారం ఇలాంటి ముద్రతోనే, అంటే డిజిటల్ సంతకంతోనే, చేరుతోంది.

ప్రయోగశాల నోటుపుస్తకాల కథ వేరు. 1980ల చివర అమెరికాలో ఒక జీవశాస్త్ర పరిశోధనపై వివాదం రేగితే, పుటల తేదీలు తేల్చడానికి సీక్రెట్ సర్వీస్ నిపుణులు సిరానూ కాగితాన్నీ పరీక్షించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి నలిగిపోయిన శాస్త్రవేత్తపై ఆరోపణలు రుజువు కాలేదని 1996లో అప్పీలు మండలి తేల్చింది. తేదీని నిలబెట్టే దారిని బెల్‌కోర్ పరిశోధకులు స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టార్నెటా 1991లో ప్రచురించారు. ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి హాష్ అనే చిన్న సంఖ్య తీయవచ్చు. పట్టికలో 23.4ను 23.5 చేస్తే పోలికే లేని హాష్ వస్తుంది. ఒక్కో హాష్‌ను ముందరి నమోదుతో గొలుసుగా ముడివేస్తే, పాత తేదీతో కొత్త పత్రం చొప్పించడం కుదరదు. 1995 నుంచి వారు స్థాపించిన సంస్థ ఆ గొలుసు సారాన్ని వారంవారం న్యూయార్క్ టైమ్స్ ప్రకటనల్లో అచ్చువేయించింది.

హాష్ పద్ధతులు కూడా పాతబడతాయి. ఎండీ5 2004లో, షా-1 2017లో ఓడిపోయాయి. ఇప్పుడు షా-256 వాడుకలో ఉంది. అయినా కల్పించి రాసిన కొలతకు కూడా ముద్ర అంతే చక్కగా పడుతుంది. కొలిచినవారి మీద నమ్మకం ఉంచాల్సిన అవసరం ఇంకా తీరలేదు. పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: ముడి కొలతలు చేతికొచ్చిన రోజే, ఏ సవరణా చేయకముందే, వాటి హాష్ తీసి నలుగురూ చూసేచోట నమోదు చేయండి.