అనాటమీ, ఫిజియాలజీ అధ్యాపకుల వృత్తి శిక్షణ: అమెరికా కళాశాలలు

అమెరికా కళాశాలల్లో అనాటమీని, ఫిజియాలజీని చాలాచోట్ల విడదీయకుండా రెండు సెమిస్టర్ల ఉమ్మడి కోర్సుగా బోధిస్తారు. నర్సింగ్ మొదలుకొని రేడియోగ్రఫీ దాకా అనేక వృత్తి చదువుల్లో చేరాలంటే ముందు ఇందులో గట్టెక్కాలి. ఈ భారంలో పెద్ద భాగం రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలు మోస్తున్నాయి. బోధించేవారిలో జంతుశాస్త్రం చదివినవారు, వ్యాయామశాస్త్రం నుంచి వచ్చినవారు, వైద్యులు, కైరోప్రాక్టర్లు ఉంటారు. విషయంలో పట్టా చూసి ఉద్యోగం ఇస్తారు తప్ప, పాఠం చెప్పడంలో శిక్షణ ఉందా అని సాధారణంగా అడగరు. ఆ లోటును ఉద్యోగంలో చేరాక పూడ్చడానికి మూడు దశాబ్దాలకు పైగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది: పాఠం తీరు మారేది రెండు మూడు రోజుల వర్క్‌షాపుతో కాదు, అధ్యాపకులు తమ తరగతినే పరిశీలనకు పెట్టుకుని నెలల తరబడి సాగించే శిక్షణతో.

ఈ రంగంలో ప్రధాన సంస్థ హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ సొసైటీ (హ్యాప్స్). అది పుట్టిన సంవత్సరం దగ్గర లెక్కలు కొంత తేడాగా కనిపిస్తాయి. స్థాపన 1989 అని ఎక్కువగా రాస్తారు. కానీ 2016లో అట్లాంటాలో జరిగినదాన్ని 30వ వార్షిక సదస్సుగా లెక్కించారు. ఆ వరుసను వెనక్కి లెక్కిస్తే 1987కి చేరుతుంది. అధ్యాపకులు ముందు కలుసుకున్నారు, ఆ తర్వాత సంఘంగా ఏర్పడ్డారు అనుకుంటే రెండు తేదీలూ పొసగుతాయి. కనుక సంఘానికి 1989నే తీసుకోవడం సబబు. ఏటా జరిగే సదస్సులో కొత్త పరిశోధనలపై నిపుణుల ప్రసంగాలతో పాటు సభ్యులు ఒకరికొకరు నేర్పుకునే వర్క్‌షాపులూ ఉంటాయి. హ్యాప్స్ ఎడ్యుకేటర్ అనే పత్రిక, కోర్సు ముగిసేసరికి విద్యార్థికి ఏమేం తెలిసి ఉండాలో చెప్పే అభ్యసన ఫలితాల పట్టిక, హ్యాప్స్ ఇన్‌స్టిట్యూట్ పేరిట నడిచే పొట్టి కోర్సులు ఈ సంఘం చేపట్టిన పనుల్లో ముఖ్యమైనవి.

వర్క్‌షాపుల ప్రయోజనాన్ని శంకించడానికి గట్టి ఆధారం 2011లో బయో సైన్స్ పత్రికలో డయాన్ ఎబర్ట్-మే బృందం ప్రచురించిన అధ్యయనం. శిక్షణ పొందిన జీవశాస్త్ర అధ్యాపకుల్లో 89 శాతం మంది, విద్యార్థులు చురుకుగా పాల్గొనేలా తమ కోర్సులను మార్చామని చెప్పారు. వారి తరగతుల వీడియోలు చూస్తే 75 శాతం మంది ఇంకా లెక్చర్ మీదే నడుస్తున్నారు. ఈ అధ్యాపకులు అబద్ధం చెప్పారనుకోవడం అన్యాయం. తమ తరగతి బయటివారి కంటికి ఎలా కనిపిస్తుందో వారికి చూపినవారు లేరు, అంతే. అదే ఏడాది హెండర్సన్, బీచ్, ఫింకెల్‌స్టైన్ 191 వ్యాసాలను సమీక్షించి దాదాపు ఇదే దారిలో తేల్చారు: మేలైన పాఠ్యసామగ్రి తయారుచేసి పంచిపెట్టడం, పైనుంచి ఉత్తర్వులివ్వడం పనిచేయవు, కనీసం ఒక సెమిస్టర్ సాగుతూ అధ్యాపకుల నమ్మకాలను కదిలించే ప్రయత్నాలు పనిచేస్తాయి. మారాల్సిన అవసరం ఎంతో 2014లో ఫ్రీమన్ బృందం చూపింది. సైన్సు, ఇంజనీరింగు, గణితాలకు చెందిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, లెక్చర్ తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పారు. విద్యార్థుల చేత పని చేయించే తరగతుల్లో 21.8 శాతం.

శిక్షణ అంతా బోధనా తీరు మీదే పెట్టడానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఇన్ని దారుల నుంచి వచ్చిన అధ్యాపకులకు ముందు కావలసింది విషయజ్ఞానం, బోధనా పద్ధతులు తర్వాత చూసుకోవచ్చని కొందరి వాదన. ఇందులో నిజం లేకపోలేదు. మూత్రపిండం పనితీరు తనకే స్పష్టంగా లేని వ్యక్తిని ఏ పద్ధతీ ఆదుకోదు. అయినా ఈ రెండింటినీ విడదీయడం కష్టమని షికాగోలోని రష్ మెడికల్ కాలేజీకి చెందిన జోయెల్ మైకేల్ పరిశోధనలు చెబుతున్నాయి. వ్యాయామం చేసేటప్పుడు శ్వాస వేగం పెరిగితే ఒక్కో శ్వాసలో పీల్చే గాలి ఏమవుతుందని అడిగితే, తగ్గుతుందనో మారదనో చెప్పే విద్యార్థులు చాలామంది. పీల్చడానికి సమయం చాలదు కదా అన్నది వారి తర్కం. నిజానికి అప్పుడు రెండూ పెరుగుతాయి. ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో తెలిసి, దాన్ని బయటికి లాగే ప్రశ్న వేయగలగడం విషయజ్ఞానమా, బోధనా నైపుణ్యమా? రెండూ కలిసిందే. మైకేల్, జెన్నీ మెక్‌ఫార్లండ్ తదితరులు ఫిజియాలజీకి మూల భావనలను గుర్తించి, హోమియోస్టాసిస్ (శరీరం తన లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడం) అవగాహనను కొలిచే 20 ప్రశ్నల పరీక్షను రూపొందించారు. ఉపన్యాసం వినడం కన్నా, ఆ ప్రశ్నలు తన విద్యార్థులకే ఇచ్చి జవాబులు చదవడం అధ్యాపకుణ్ణి ఎక్కువ మారుస్తుందని చెప్పవచ్చు.

కేపర్ పేరుతో, అంటే కమ్యూనిటీ కాలేజ్ అనాటమీ అండ్ ఫిజియాలజీ ఎడ్యుకేషన్ రీసెర్చ్ పేరుతో, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో సాగిన ప్రాజెక్టు ఈ మార్గంలోనే నడిచింది. కమ్యూనిటీ కళాశాలల అధ్యాపకులు విద్యా పరిశోధన గురించి ముందు చదువుకుని, తర్వాత సొంత తరగతుల్లో చిన్న అధ్యయనాలు చేపట్టారు. పార్ట్‌టైమ్ వారికి ఇంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనది. అది పద్ధతిలోని లోపం కాదు, ఆ సమయానికి జీతం చెల్లించని కళాశాలల లోపం. మరో చిక్కు విద్యార్థుల మనసుది: 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతులపై వచ్చిన అధ్యయనంలో, చురుకైన తరగతిలో ఎక్కువ నేర్చుకున్న విద్యార్థులే తక్కువ నేర్చుకున్నామని భావించారు. విద్యార్థుల అభిప్రాయ పత్రాల మీదే ఉద్యోగం నిలిచినవారు కొత్తదానికి జంకడం సహజం. కాబట్టి శిక్షణ పొందినవారి పనిని తోటి అధ్యాపకులు తరగతిలో కూర్చుని చూసి అంచనా వేయాలి.

పొట్టి శిక్షణకూ దీర్ఘకాల శిక్షణకూ మధ్య ఈ తేడా భారతదేశంలోనూ కనిపిస్తుంది. ఇక్కడ ఎంబీబీఎస్ మొదటి దశలో అనాటమీ, ఫిజియాలజీ వేర్వేరు సబ్జెక్టులు. తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలల అధ్యాపకులు కూడా వైద్య విద్యా విభాగాల ప్రాథమిక కోర్సులకు హాజరవుతారు. 2019లో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చాక వాటి ప్రాముఖ్యం పెరిగింది. ఇవి కొద్ది రోజుల కోర్సులే. ముంబై, లూధియానా, కోయంబత్తూరుల్లో ఏర్పడిన, వైద్య అధ్యాపకులకు శిక్షణనిచ్చే ఫైమర్ సంస్థ ప్రాంతీయ కేంద్రాల రెండేళ్ల ఫెలోషిప్ మాత్రం, అధ్యాపకులు తమ కళాశాలలోనే ఒక మార్పును అమలుచేసి ఫలితం చూపాలని కోరుతుంది.