కొలతలలో నిలిచిన కోరంగి దోనె

కొయ్యతో నమూనా ఓడలను నిర్మించుట బాలుర వినోదమని తలచుట పొరపాటు. 17వ శతాబ్దిలో ఇంగ్లండు నౌకాదళపు ఓడలకు నిపుణులైన పనివారు నమూనాలు చేయుచుండిరి. అడుగునకు పావు అంగుళము, అనగా 48వ వంతు, అందు వాడుకైన కొలత. నేటి అభ్యాసకులలోను దానిని పాటించువారు కలరు.

మన తీరపు నావలకు అట్టి భాగ్యము అరుదు. గోదావరి ముఖమునందలి కోరంగిలో ఓడలు కట్టిన వడ్రంగులకు తరతరముల చేతివాటమే ప్రధానాధారము. తండ్రి చేయి చూచి కొడుకు నేర్చెను. పనితోపాటు విద్యయు వారి చేతులలోనే ఉండెను.

ఆ విద్యను కొంత కాగితముపై నిలిపినవాడు ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్ (1806-1893). ఆయన మూడు పర్యాయములు భూప్రదక్షిణ యాత్రలలో పాల్గొని, చేరిన రేవులలో దేశీయ నావలను కొలిచి చిత్రించెను. ఆ చిత్రములలో కోరంగి దోనెయు ఒకటి. మూడవ యాత్రలో, భారతదేశమందు, యంత్రమున చిక్కి ఎడమచేయి పోగొట్టుకొనియు పని మానలేదు. 1871లో లూవ్రులోని నౌకా ప్రదర్శనశాలకు పాలకుడై, తన చిత్రముల ననుసరించి నమూనాలు చేయించెను.

1834లో ప్రచురితమైన ఒక ఇంగ్లీషు వర్ణనము ప్రకారము కోరమాండల్ తీరపు దోనె నిడివి సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు. బల్లపరుపైన అడుగుభాగము అత్యధికముగా 7 అడుగులు. 48వ వంతున అవి వరుసగా పదిహేడున్నర, అయిదు, ఒకటిముప్పావు అంగుళములగును. బల్లమీద అమరు ఈ ప్రమాణము క్రొత్తవారికి అనుకూలమైనది.

పని క్రమమును నౌకయే నేర్పును. మొదట పటమును నిజప్రమాణమున గీయవలెను. పిదప అడుగు దూలమును వంకరలేకుండ నిలిపి, పక్కటెముకల వంటి వంపుకర్రలను దానికి సరిగా లంబముగా అమర్చవలెను. అన్నిటికంటె తొందర పనికిరాని ఘట్టము పలకలు పరచుట. ఒక ప్రక్కనే ముగించినచో నావ ఒరిగిపోవును. కావున ఒకటి కుడివైపున, ఒకటి ఎడమవైపున బిగింపవలెను. ముక్కు కడ వంగని పలకను బలవంతపెట్టరాదు. దానిని నీట నానబెట్టి, కొనను సన్నము చేసి వంచవలెను.

1839 నవంబరు ఉప్పెన కోరంగిని నేలమట్టము గావించెను. గోదావరి ఒండ్రు దాని రేవును క్రమముగా పూడ్చివేసెను. ఓడలును, వాటిని కట్టిన చేతులును కాలగర్భమున కలిసినవి. అయినను కొలత నిలిచినచోట విద్య మరల మొలకెత్తును. నేటి అభ్యాసకుడు మొదటి పలక విరిగినపుడు విసుగుచెందక రెండవదానిని నానబెట్టినచో, ఆ వడ్రంగి ఎరిగిన రహస్యములలో ఒకటి ఆతని చేతికి తిరిగి వచ్చును.