ఇంత ఎండ ఉన్న ఊళ్లో డి విటమిన్ ఎందుకు తక్కువ?

నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఒక ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, రెండో ఒడ్డున హైకోర్టు కనిపిస్తాయి. హైకోర్టు వైపే పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి కూడా ఉంది. మే నెలలో ఈ వంతెన మీద పది నిమిషాలుంటే మాడు పగిలిపోతుంది. ఇలాంటి ఊళ్లో ఆడవాళ్లకి డి విటమిన్ లోపమేంటి? "బుర్ఖా వల్లే" అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆ జవాబు సగమే నిజం అని నేనంటాను.

ముందు యూరప్ వెళ్దాం. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే ఇంగ్లండ్ డాక్టరు పిల్లల కాళ్లు వంకరపోయే రికెట్స్ గురించి పుస్తకం రాశాడు. తర్వాత బొగ్గు పొగ, ఇరుకు సందులు ఉన్న నగరాల్లో ఆ జబ్బు బాగా పెరిగింది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు అతినీలలోహిత దీపం కాంతితోనే పిల్లలకి నయం చేశాడు. 1922లో మెక్‌కాలమ్ ఈ విటమిన్‌కి 'డి' అని పేరు పెట్టాడు. చూశారా, అక్కడ బుర్ఖా లేదు. ఎండకి పొగే పరదా అయింది.

ఇప్పుడు కశ్మీర్. అక్కడ పనిచేసిన డాక్టర్ కాథ్లీన్ వాన్ 1928లో పరదా గురించి, మాతృత్వం గురించి పుస్తకం రాసింది. ఎండ తగలకుండా నాలుగు గోడల మధ్య బతికే ఆడవాళ్లకి ఎముకలు మెత్తబడతాయి, కటి ఎముక ఇరుకైపోతుంది. బిడ్డ బయటికి రావడానికి దారి ఉండదు. ఆపరేషన్ అందని కాలంలో అంటే తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణగండమే.

మరి మన దగ్గర? తిరుపతి డాక్టర్లు 2008లో ప్రచురించిన అధ్యయనం చూడండి. డి విటమిన్ లోపం పల్లె మగవాళ్లలో 44 శాతం, పల్లె ఆడవాళ్లలో 70 శాతం. పట్నంలో మగవాళ్లు 62, ఆడవాళ్లు 75. పల్లెలో చీర కట్టుకునే ఆడవాళ్లకి కూడా 70! అంటే ఒక్క బుర్ఖాని తిడితే లెక్క తేలదు. ఒంటి మీద బట్ట ఎంతుందన్నదీ ముఖ్యమే, ఎండలో గడిపే తీరిక, చోటు ఎవరికున్నాయన్నదీ ముఖ్యమే.

పాతబస్తీ పెద్ద దేవిడీల్లో జనానాకి లోపలే వాకిలి ఉండేది. పరదా పాటిస్తూనే ఎండలో కూర్చోవచ్చు. పేదింటి చీకటి గదికి ఆ భాగ్యం లేదు. నేటి ఇరుకు ఫ్లాట్లకీ లేదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, డి విటమిన్ తయారుచేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. బయటికెళ్తే నల్లబట్ట, ఇంట్లో ఉంటే గోడ. రెండు దారులూ మూసుకుపోయినట్టే కదా!

ఇక మిగిలింది డాబా. సంక్రాంతికి గాలిపటాలతో డాబాలన్నీ మగపిల్లలవే. అమ్మకి, అక్కకి, చెల్లికి కూడా అక్కడ కాసేపు చోటివ్వండి. పిట్టగోడ మీద ఒక చాటు కడితే చాలు, చేతులకి ఎండ తగులుతుంది. పదకొండు నుంచి రెండు మధ్య ఎండ ఈ పనికి మేలు, కానీ ఒళ్లు కమిలేదాకా వద్దు. మాత్రలు మాత్రం రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పాకే. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకి చేటు.

బట్ట ఎవరిష్టం వాళ్లది. ఎండ మాత్రం అందరి వాటా.