పాటలోకెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

పోయినవాళ్ళని పేరుపెట్టి పిలుస్తూ శోకం తీయడం మా వాడల్లో ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే రిచర్డ్ ఫరీనా అనే అమెరికన్ జానపద గాయకుడు కట్టిన ‘బర్మింగ్‌హామ్ సండే’ మొదటిసారి విన్నప్పుడు మాకది పరాయి పాటనిపించలేదు.

ఫరీనా, అతని భార్య మీమీ జంటగా పాడేవాళ్ళు. 1965లో తొలి ఆల్బం వచ్చింది. 1966 ఏప్రిల్ 30న, సరిగ్గా మీమీ 21వ పుట్టినరోజున, అతను మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయాడు. 29 ఏళ్ళు. 1968లో వానగార్డ్ కంపెనీ ఆ జంట చివరి ఆల్బం ‘మెమరీస్’ తెచ్చింది. మిగిలిపోయిన రికార్డింగులు, న్యూపోర్ట్ ఉత్సవంలో పాడినవి, మీమీ అక్క జోన్ బయెజ్ గొంతు - అన్నీ ఏరి కూర్చారు. మీమీ దుఃఖాన్ని మేము తక్కువ చెయ్యడం లేదు. కాని చనిపోయిన మనిషి గొంతు అలా దక్కిందంటే దాని వెనక టేపులున్నాయి, కంపెనీ ఉంది, పేరున్న కుటుంబం ఉంది. ఈ వసతి ఎవరికుంటుందన్నదే మా ప్రశ్న.

‘బర్మింగ్‌హామ్ సండే’ ఆ ఆల్బంలో లేదు. దాన్ని 1964లోనే బయెజ్ పాడింది. 1963 సెప్టెంబర్ 15న అలబామాలోని ఆ ఊళ్ళో, 16వ వీధి బాప్టిస్టు చర్చిలో తెల్లజాతి దురహంకారులు పెట్టిన బాంబుకి నలుగురు నల్లపిల్లలు బలయ్యారు. అడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్, డెనిస్ మెక్‌నెయిర్. ముగ్గురికి 14 ఏళ్ళు, డెనిస్‌కి 11. పాట ఒక్కొక్కరినీ పేరుతో తలుస్తుంది. బాణీ మాత్రం పాత స్కాటిష్ ప్రేమపాటది!

అదే రోజు అదే ఊళ్ళో ఇంకో ఇద్దరు చచ్చిపోయారు. జానీ రాబిన్సన్‌ని (16) పోలీసు వెనకనుంచి కాల్చాడు. వర్జిల్ వేర్ (13) అన్న సైకిలు మీద పోతుంటే ఒక తెల్ల కుర్రాడు కాల్చాడు. వీళ్ళు పాటలో లేరు. బాంబు కేసులో 1977లో ఒకడికి, 2001, 2002ల్లో మరో ఇద్దరికి శిక్ష పడింది. వర్జిల్‌ని చంపినవాణ్ణి ప్రొబేషన్ మీద వదిలేశారు. జానీని కాల్చిన పోలీసు మీద కేసే నడవలేదు.

నల్లజాతి పాంథర్ల పేరు తీసుకుని 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఈ పేర్ల లెక్క కూడా అక్కణ్ణుంచే నేర్చుకోవాల్సింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఈ రెండు తేదీలు మాకు కంఠతా వచ్చు. ఆ ఎనిమిది పేర్లూ కాగితం చూడకుండా చెప్పమంటే మాలో సగంమంది తడుముకుంటాం. సెమినార్లలో ‘చుండూరు’ అని ఊరుకుంటాం.