తాటాకు నుంచి బొమ్మల పుస్తకం దాకా

బొమ్మల పుస్తకాలు, సినిమాలు, టీవీ ధారావాహికలు వచ్చిన తరువాత అసలు గ్రంథాలు చదివేవారే కరువైపోయారని మన ఈడువారు నలుగురు కలిసినచోట తరచు అనుకుంటూ ఉంటాము. మనవలకు భీముడెవరో తెలుసుగాని తిక్కన ఎవరో తెలియదని బాధపడతాము. ఈ బాధలో న్యాయం లేకపోలేదు. అయితే తప్పు బొమ్మలదేనా అన్నది తేల్చుకోవాలంటే కొంత వెనక్కి వెళ్ళి చూడాలి. ప్రత్యేక సంచిక కోసం ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఈ విషయం మీద నాకు తెలిసిన నాలుగు మాటలు మిత్రుల ముందుంచుదామనుకున్నాను.

కవిత్రయం చేసినదేమిటి?

ముందుగా ఒక మాట మనవి చేయాలి. తెలుగు సాహిత్యం మొదలైనదే ఒక అనుసరణతో. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాన్ని తెనిగించడానికి పూనుకున్నాడు. ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత భాగం ఆయనవి. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రచించాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. వీరిలో ఎవరూ మక్కికి మక్కి అనువదించలేదు. అవసరమైనచోట పెంచారు, అనవసరమనుకున్నచోట తగ్గించారు. ఏడువందల శ్లోకాల భగవద్గీతను తిక్కన ఎంతో కుదించి కొద్ది పద్యాలలో ముగించాడు. ఇదే పని ఈనాడు ఒక బొమ్మల పుస్తకం చేస్తే మనం ఊరుకుంటామా?

పండితులకు చంపువు ఉంటే, పాడుకునేవారికి ద్విపద వచ్చింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలోనే చెప్పాడు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమూ ద్విపదే. సేతువు కట్టేటప్పుడు ఉడుత చేసిన సాయం వాల్మీకంలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. మన ఇళ్ళలో ఆడవారు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట సంగతీ అంతే. ఆ ఉడుతను, ఆ ఊర్మిళను వదులుకోవడానికి ఏ తెలుగువాడు ఒప్పుకుంటాడు? కనుక మూలంలో లేనిదల్లా అపచారమని కొట్టివేయడానికి వీలులేదు.

గోడ మీద, గుడ్డ మీద, తోలు మీద

బొమ్మలతో కథ చెప్పడం కూడా మనకు పరాయి దేశం నేర్పిన విద్య కాదు. లేపాక్షి వీరభద్రాలయం మండపం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలలో కిరాతార్జునీయం వరుసగా కనబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ ఘట్టాలను గడులు గడులుగా గీసి, ఆ బొమ్మల వెంట తెలుగులో కథను రాసేవారు. గడి, గడిలో బొమ్మ, బొమ్మ వెంట అక్షరం. ఈనాటి బొమ్మల కథల పుస్తకానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంది.

నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ పటాలు ఇంకా విశేషమైనవి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. చుట్టగా చుట్టిన ఆ పొడవాటి పటాన్ని కథకుడు ఒక్కొక్క వరుసే విప్పుతూ పాడుతూ చెబుతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు ఇలాగే వినిపించేవారు. అక్షరం రానివాడికి ఆ పటమే పుస్తకం.

ఇక తోలుబొమ్మలాట. రంగనాథ రామాయణంలోని ద్విపదలు పాడుతూ తెర వెనుక రాముణ్ణి, రావణుణ్ణి ఆడించేవారు. అందులో రామాయణంతో ఏమీ సంబంధంలేని బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి మోటు హాస్యం చేసి పోయేవారు. రాత్రంతా జనం కూర్చోవాలంటే వాళ్ళూ ఉండాలి. మాధ్యమం మారితే కథలో కొన్ని మార్పులు తప్పవన్న సంగతి మన పల్లెటూరి కళాకారులకు ఏనాడో తెలుసు.

నాటకం, సినిమా

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం పురాణాలను ఊరూరా తిప్పింది. తరువాత ఆ పని సినిమా అందుకుంది. 1957లో విజయా వారు నిర్మించగా కె.వి.రెడ్డి గారు దర్శకత్వం వహించిన మాయాబజార్ చూడని తెలుగువాడు అరుదు. వ్యాసభారతంలోగాని, కవిత్రయ భారతంలోగాని శశిరేఖ అనే పాత్రే లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. శశిరేఖా పరిణయం జనం నోళ్ళలో, నాటకాలలో పెరిగిన కథ. పాండవుల చుట్టూ తిరిగే ఆ చిత్రంలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. అయినా ఎవరికీ ఆ వెలితి తోచదు. కొత్త రూపం బాగా కుదిరినదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

1971లో సంపూర్ణ రామాయణం తీసిన బాపు గారు స్వయంగా చిత్రకారులు. చిత్రీకరణకు ముందే దృశ్యాలను బొమ్మలుగా గీసుకోవడం ఆయన పద్ధతి. అంటే ఆ రామాయణం తెరకెక్కే ముందు కాగితం మీద బొమ్మల కథగా నడిచిందన్నమాట.

చందమామ కాలం

మన తరానికి అసలైన బొమ్మల బడి చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో దీన్ని ప్రారంభించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాని బరువు మోశారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటివారు బొమ్మలు వేశారు. భుజాన శవం, చేత కత్తితో నడిచే విక్రమార్కుడు మనకు శంకర్ గారి కుంచెలోంచే పరిచయం. మూలంలో బేతాళ కథలు 25 మాత్రమే. అవి అయిపోయిన తరువాత కొత్త కథలను ఆ చట్రంలోనే అమర్చి చందమామ దశాబ్దాలపాటు వందల కొద్దీ బేతాళ కథలు చెప్పింది. రామాయణ భారతాలను తేలిక వచనంలో ధారావాహికగా ఇచ్చింది. 2013 నాటికి ఆ పత్రిక ఆగిపోయింది. శంకర్ గారు 2020లో 97వ ఏట కాలం చేశారు.

అమర చిత్ర కథ

పాశ్చాత్య దేశాలలో ఈ ప్రయత్నం మరోవిధంగా సాగింది. అమెరికాలో 1941లో ఆల్బర్ట్ కాంటర్ అనే ఆయన గొప్ప నవలలను బొమ్మల కథలుగా వేయడం ప్రారంభించాడు. క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ అన్న పేరు 1947లో స్థిరపడింది. దీనివల్ల పిల్లలు చెడిపోతారని, అసలు పుస్తకం జోలికి పోరని అక్కడి పెద్దలు కూడా గొడవ చేశారు. అయితే ఆ ప్రచురణకర్తలు ఒక మంచి పని చేశారు. కథ చివర, దీన్ని చదివినవారు గ్రంథాలయానికి వెళ్ళి మూలాన్ని కూడా చదవవలసిందని అచ్చువేసేవారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దీని ప్రస్తావన మళ్ళీ చేస్తాను.

మన దేశంలో 1967లో ఢిల్లీ టీవీలో జరిగిన ఒక ప్రశ్నోత్తరాల కార్యక్రమంలో పిల్లలు గ్రీకు దేవతల గురించి చెప్పగలిగారుగాని రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారట. అది చూసిన అనంత్ పాయ్ గారి మనసు కలుక్కుమని అమర చిత్ర కథకు పూనుకున్నారు. కృష్ణుని కథతో అసలు ప్రస్థానం మొదలైంది. తరువాత మహాభారతాన్ని 42 భాగాలుగా తెచ్చారు. మామూలు సంచికకు 32 పుటల చొప్పున లెక్క కడితే పదమూడు వందల పుటల పైచిలుకు. దీన్ని తేలిక పని అనలేము. పాయ్ గారు 2011 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. బాపు గారి బొమ్మలకు మాటలు కూర్చిన మన ముళ్ళపూడి వెంకటరమణ గారు కూడా అదే రోజున వెళ్ళిపోయారు.

ఆ పుస్తకాల మీద విమర్శలూ ఉన్నాయి. మంచివాళ్ళందరికీ తెల్లని ఒళ్ళు, రాక్షసులకు నల్లని ఒళ్ళు వేశారని, స్త్రీ పాత్రలను ఒకే మూసలో పోశారని అన్నారు. ఇందులో నిజముంది. బొమ్మకు ఒక ప్రమాదం ఉంది. పద్యం చదివినప్పుడు ఎవరి ద్రౌపదిని వారు ఊహించుకుంటారు. బొమ్మ చూసినప్పుడు అందరికీ ఒకే ద్రౌపది. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదన్నా ఈనాడు చాలామంది నమ్మరు, ఎందుకంటే కళ్ళతో చూశారు. 1987లో దూరదర్శన్ రామాయణం, 1988లో మహాభారతం మొదలైనప్పుడు ఆదివారం ఉదయం వీధులు ఖాళీ అయ్యేవి. 2020లో లాక్‌డౌన్ రోజులలో వాటిని తిరిగి ప్రసారం చేస్తే మనవలూ చూశారు. ఒక్క రూపం ఇంతమంది మనసులలో నాటుకుంటే తక్కిన రూపాలకు చోటు తగ్గుతుంది.

గ్రాఫిక్ నవల

ఇప్పుడు వస్తున్నవాటిని గ్రాఫిక్ నవలలంటున్నారు. 1978లో విల్ ఐస్నర్ పుస్తకంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. యూదుల ఊచకోతను బొమ్మల కథగా చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. దానితో ఇది పిల్లలాట కాదని పెద్దలు గ్రహించారు.

మన దేశంలో 2011లో చెన్నైలోని తారా బుక్స్ వారు ‘సీతాస్ రామాయణ’ వేశారు. రచన సంహిత ఆర్ని, బొమ్మలు మొయ్‌నా చిత్రకార్. ఈమె బెంగాల్ పటువా కళాకారిణి. మన చేర్యాల కథకులవలెనే పటం విప్పి పాడే సంప్రదాయం వారిది. కథ అంతా సీత వైపునుంచి నడుస్తుంది. 2012లో అమృతా పాటిల్ ‘ఆదిపర్వ’ను గంగ నోట చెప్పించారు. పాత పటమే కొత్త పుస్తకంగా మారి, ఇన్నాళ్ళూ పక్కన నిలబడినవారి చేత కథ చెప్పిస్తున్నది. ఇది మన స్త్రీల పాటలు ఎప్పుడో చేసిన పని.

నోటు ఫైలు, కరెంటు ఫైలు

అయితే బాధపడవలసినదేమీ లేదా? ఉంది. అది చెప్పడానికి మన ఉద్యోగ భాషే నాకు సులువు. కచేరీలో ఏ వ్యవహారానికైనా కరెంటు ఫైలు, నోటు ఫైలు అని రెండుండేవి. అసలు ఉత్తరాలు, దరఖాస్తులు, ఉత్తర్వులు కరెంటు ఫైలులో ఉంటే, వాటి సారాంశం, మన అభిప్రాయం నోటు ఫైలులో రాసేవాళ్ళం. పై అధికారికి కాగితాలన్నీ చదివే తీరిక ఉండదు కనుక నోటు అవసరం. కాని మంచి గుమాస్తా నోటు రాస్తే ప్రతి మాటకూ ఎదురుగా కరెంటు ఫైలులోని పుట సంఖ్య వేస్తాడు. అనుమానం వచ్చిన అధికారి ఆ పుట తిప్పి చూసుకోవచ్చు. పుట సంఖ్యలు లేని నోటు మీద సంతకం పెట్టినవాడు గుమాస్తా మాట మీద సంతకం పెట్టినట్టే.

అనుసరణలన్నీ నోటు ఫైలులే. తిక్కన భారతం కూడా ఒక విధంగా వ్యాసుని మీద రాసిన మహత్తరమైన నోటు. నోటు ఉండడం తప్పు కాదు. కరెంటు ఫైలు అటక మీద పడి, దాన్ని చదవగలిగినవాడు కచేరీలో ఒక్కడూ మిగలకపోవడమే ముప్పు. క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ వారు చివర వేసిన ఆ సూచన పుట సంఖ్య వంటిది. మన బొమ్మల పుస్తకాలలో అది అంతగా కనబడదు. పూర్వం తోలుబొమ్మలాట చూసిన రైతు ఇంటికి వెళ్తే అదే ద్విపద పాడగల తాత ఒకడు ఉండేవాడు. పటం, పాట, పద్యం ఒకే ఊరిలో ఉండేవి. ఇప్పుడు మన మనవలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఇంగ్లీషులో భారతం బొమ్మలు చదువుతున్నారు. వారిలో అనేకులకు తెలుగు లిపి రాదు. వారి చేతిలో నోటు ఫైలు ఉంది, పుట సంఖ్య వేసి చూపేవాడు లేడు.

ఆ పని చేయడానికి మనకంటే తీరిక ఉన్నవారెవరు? ఇందుకు పండితులు కానక్కరలేదు. మనవడు కీచకవధ బొమ్మల కథ తెచ్చినప్పుడు లాక్కోకుండా, పక్కన కూర్చుని విరాటపర్వంలోని రెండు పద్యాలు గట్టిగా చదివి అర్థం చెబితే చాలు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు కవిత్రయ భారతాన్ని తాత్పర్యంతో ప్రచురించారు కనుక అర్థం తెలియదన్న భయం అక్కరలేదు. దూరాన ఉన్నవారికి వీడియో కాల్ ఉన్నది. మన సంఘ భవనంలోని బీరువాలో ఒక అర ఖాళీచేసి, ప్రతి బొమ్మల పుస్తకం పక్కనే దాని మూలాన్ని పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. సెలవులలో పిల్లలు వచ్చినప్పుడు వారానికి ఒక గంట ఆ రెండూ కలిపి చదివించే బాధ్యతను మనలో నలుగురం వంతులవారీగా తీసుకోవచ్చు. మొదటి వారం వంతు నా పేరున రాసుకోవలసిందిగా మనవి.