ఒక ఆరియా, మూడు డిస్కులు: ధ్వనిముద్రణను ఆధారంగా పరిశీలించడం

శాసనం దొరికితే లిపిని బట్టి దాని కాలాన్ని అంచనా వేస్తాం. తాళపత్ర ప్రతి దొరికితే లేఖకుని పొరపాట్లను ఇతర ప్రతులతో పోల్చి గుర్తిస్తాం. గ్రామఫోన్ డిస్కు విషయంలో మాత్రం చాలామంది ఈ జాగ్రత్తను మరచిపోతారు. గాయకుని గొంతే వినిపిస్తుంటే ఇక సందేహం ఎందుకని అనుకుంటారు. కాని పాత డిస్కులో వినిపించే పాట నడక, శ్రుతి, భావం ఈ మూడూ ఒకే అంకెకు కట్టుబడి ఉంటాయి. డిస్కు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలన్నదే ఆ అంకె. తొలినాటి డిస్కులలో చాలావాటిపై అది ఉండదు. ఒక ప్రసిద్ధ ఉదాహరణతో ఈ సమస్యను పరిశీలిద్దాం.

ఇటలీ స్వరకర్త గయెతానో దోనిజెట్టి రచించిన హాస్య ఆపెరా 'లెలిసిర్ దామోరే' 1832లో మిలాన్ నగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. అందులో నెమొరీనో అనే అమాయకపు పల్లెటూరి యువకుడు పాడే ఆరియా 'ఉనా ఫుర్తివా లాగ్రిమా'. దొంగచాటున జారిన ఒక కన్నీటిబొట్టు అని దాని అర్థం. ఆరియా అంటే ఆపెరాలో ఒక పాత్ర వాద్యబృందం తోడుగా ఒంటరిగా పాడే పాట. మన పద్యనాటకంలో రాగయుక్తంగా పాడే పద్యానికి ఉన్న స్థానం దాదాపు దానికీ ఉంది.

తాను ప్రేమించిన అదీనా కంట నీరు చూసి, ఆమెకు తనపై ప్రేమ ఉందని నెమొరీనో గ్రహిస్తాడు. సందర్భం సంతోషకరమైనదే. అయినా పాట బస్సూన్ అనే ఊదే వాద్యం పలికించే దిగులు స్వరాలతో, బి-ఫ్లాట్ మైనర్‌లో మొదలవుతుంది. చివరకు అదే ఆధారస్వరంపై మేజర్‌లోకి తేలుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారు కీరవాణి ఛాయ నుండి శంకరాభరణం ఛాయకు చేరినట్లు ఊహించుకోవచ్చు. ఈ పోలిక స్వరస్థానాల వరకే, గమకాలకు వర్తించదు. స్వరకర్త సూచించిన గమనం లార్గెట్టో, అంటే నెమ్మదైన నడక. నమ్మీ నమ్మలేని ఆనందం పలకాలంటే ఆ నిదానం తప్పనిసరి.

నేపుల్స్‌లో పుట్టిన టెనర్ గాయకుడు ఎన్రికో కరూసో (1873-1921) ఈ ఆరియాను పలుమార్లు రికార్డు చేశాడు. 1902 ఏప్రిల్‌లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ మిలాన్‌లోని ఒక హోటల్ గదిలో ఆయన చేత పది పాటలు పాడించి ముద్రించాడు. వాటిలో ఇదొకటి, తోడు పియానో మాత్రమే. ఆ 10 అంగుళాల డిస్కులో మూడు నిమిషాలకు మించి పట్టదు కనుక పాట మొత్తం అందులో లేదు. 1904లో న్యూయార్క్‌లో పాడినప్పుడు పాటను రెండు డిస్కులుగా విడదీశారు. 1911లో వాద్యబృందంతో పాడినది 12 అంగుళాల డిస్కు ఒకవైపు ఇమిడింది. అందువల్ల ఒక డిస్కులో నడక చురుకుగా ఉంటే అది గాయకుని అభిరుచా, స్థలాభావమా అన్న ప్రశ్న ముందుగానే ఎదురవుతుంది.

అసలు చిక్కు అంతకన్నా లోతైనది. నిమిషానికి 78 చుట్లు అన్న ప్రమాణం 1920లలో విద్యుత్ ముద్రణ వచ్చిన తరువాతే స్థిరపడింది. అంతకుముందు వేగం కంపెనీని బట్టి, ఒక్కొక్కసారి రోజును బట్టి కూడా మారేది. సుమారు 73.6 చుట్ల వేగంతో ముద్రించిన డిస్కును 78తో తిప్పామనుకుందాం. వేగం దాదాపు 6 శాతం పెరుగుతుంది. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 46 సెకన్లలో ముగుస్తుంది. అంతేకాదు, శ్రుతి సరిగ్గా అర మెట్టు పైకి పోతుంది. మన హార్మోనియం లెక్కలో ఆరున్నర శ్రుతి ఏడు అవుతుంది. గొంతు పలచబడుతుంది, అందులోని కంపనం వేగం పుంజుకుంటుంది. తడబడుతూ మురిసిపోవలసిన నెమొరీనో హుషారుగా పాడుతున్నట్లు వినిపిస్తాడు. కరూసో గొంతు వయసుతో బరువెక్కిందన్నది నిజమే. ఎంత బరువెక్కిందో చెప్పాలంటే మాత్రం ముందు వేగం తేల్చుకోవాలి.

ముద్రిత స్వరలిపిలో బి-ఫ్లాట్ ఉంది కదా, ఆ శ్రుతి వచ్చేదాకా వేగం తగ్గిస్తే చాలదా? చాలదు. పై స్వరాలు ఇబ్బంది పెట్టినప్పుడు పాటను అర మెట్టు దించి పాడటం ఆపెరా గాయకులలో మామూలే. పుచ్చిని రాసిన 'లా బొయెమ్'లోని టెనర్ ఆరియాను అలా పాడినవారు ఎందరో ఉన్నారు. దించి పాడిన పాటను మనం వేగం పెంచి 'సరిచేస్తే' గాయకుడు పాడని శ్రుతిని, నడవని నడకను చరిత్రలో చేర్చినవాళ్లమవుతాం. పియానో శ్రుతి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. 1885 వియన్నా సమావేశం 435ను ప్రమాణంగా అంగీకరించింది. 440కి అంతర్జాతీయ సిఫారసు 1939లో గాని రాలేదు.

కాబట్టి ఒక డిస్కును ఒంటరిగా విచారించకూడదు. ఒకే రోజు, ఒకే యంత్రంపై, ఒకే పియానోతో ముద్రించిన పాటలన్నిటినీ కలిపి చూడాలి. ఏ వేగం వద్ద ఎక్కువ పాటలు తమ స్వరలిపిలోని శ్రుతికి చేరుతాయో అది నమ్మదగిన వేగం. ఆ వేగంలో కూడా ఒక్క పాట అర మెట్టు కిందనే ఉండిపోతే దానిని గాయకుడే దించి పాడాడని అనవచ్చు. ఇంటర్నెట్‌లో మనం వినే డిజిటల్ ప్రతులలో ఈ నిర్ణయం ఎవరో ఒకరు ముందే తీసుకుని ఉంటారు. ఏ వేగం ఎంచుకున్నారో రాయని ప్రతిని పీఠిక లేని పరిష్కృత గ్రంథంలాగే జాగ్రత్తగా వాడాలి.

గైస్‌బర్గ్ అదే 1902 చివరలో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను ముద్రించాడు. అక్కడ చరిత్రకారునికి పని మరింత కష్టం. మన గాయకులు గొంతుకు అనువైన శ్రుతిని ఎంచుకుంటారు. సరిపోల్చడానికి ముద్రిత శ్రుతి అంటూ ఉండదు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పే మాట కొంత సాయపడుతుంది, ఎందుకంటే మామూలు మాట వేగం మారితే చెవి త్వరగా పసిగడుతుంది. హార్మోనియం తోడున్న డిస్కులలో ఆధారస్వరం ఏదో ఒక మెట్టుపై పడాలి. అది ఆరున్నరా, ఏడా అన్న సందేహం మాత్రం అప్పటికీ తీరదు. తెలుగు పద్యనాటకాలు వరుస ప్లేట్లుగా వచ్చిన సెట్లలో ఇంకొక వీలుంది. ఒక సన్నివేశం ఒక ప్లేటు చివర ఆగి తరువాతి ప్లేటులో కొనసాగినప్పుడు రెండుచోట్లా హార్మోనియం శ్రుతి కలుస్తుందో లేదో చూడాలి. కలవకపోతే, నటుడు శ్రుతి మార్చాడని రాసేముందు రెండు ప్లేట్ల వేగాన్ని విడివిడిగా కొలవాలి.