ఖాలీ అంటే ఖాళీ కాదు: షోలాపూర్‌కు వచ్చిన కొత్తలో మనవాళ్లు



పోయిన వారం హాల్లో మీటింగు అయ్యాక చాయ్ తాగుతూ కూర్చున్నాం. మనలో ఒక కుర్రవాడు అన్నాడు: "మనోళ్లు షోలాపూర్‌కు ఎందుకొచ్చిన్రో అందరు చెప్తరు. వచ్చినంక మొదటి నెల ఎట్ల గడిచిందో ఎవరు చెప్పరు." నిజమే. ఎందుకు వచ్చారన్నది ప్రతి సావనీర్‌లో రాసుకుంటూనే ఉన్నాం. 1876-78 నాటి కరువు, మిల్లు బట్ట దెబ్బకు మన ఊళ్లలో మగ్గాలు మూలకు పడడం, దొరల వెట్టి, 1877లో ఇక్కడ మొదలైన జూనీ మిల్లు. అందుకని ఈసారి ఆ మొదటి నెల గురించే రాస్తున్నాం. ఎక్కువ భాగం నవ్వుకునేదే. ఒక్క సంగతి మాత్రం నవ్వేది కాదు, అది చివర చెబుతాం.

మా ముత్తాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చింది 1930ల చివర్లో. సికింద్రాబాద్ నుంచి వాడి వరకు రైలు 1874లోనే పడింది. వాడిలో దిగి బండి మారాలి. అక్కడి నుంచి ఒక దారి షోలాపూర్, బొంబాయి వైపు, ఇంకొకటి రాయచూరు, మద్రాసు వైపు. చదువు రాని మనిషి, అర్ధరాత్రి, నెత్తిన మూట. ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. తెల్లారి చూస్తే రాయచూరు. మన పూర్వ భాగ్‌లో నాలుగు ఇళ్లు అడిగితే ఒక ఇంట్లో ఈ రాయచూరు కథ దొరుకుతుంది. మా ఇంట్లో అయితే ఎవరైనా దారి తప్పితే ఇప్పటికీ "రాయచూరు పోయిండు" అంటాం.

దిగాక పైసల తిప్పలు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, ఇక్కడ చెల్లేది ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి. వంద కల్దార్‌కు సుమారు నూటపదహారు, నూటపదిహేడు హాలీ రూపాయలు. కిరాణా కొట్టువాడు హాలీ రూపాయిని తిప్పి తిప్పి చూసి విలువ తగ్గించి తీసుకుంటే, మోసం చేస్తున్నాడని ముత్తాత గొడవ పెట్టుకున్నాడట. మోసం కాదు, మారకం. తర్వాత ఇదే లెక్క ఆయనకు కలిసొచ్చింది. ఇక్కడ కల్దార్‌లో కూలి తీసుకుని ఊరికి పంపితే అక్కడ ఎక్కువయ్యేది. ఆ సంతోషంలో చెల్లెలి పెళ్లికని రెండు చద్దర్లు, నాలుగు ధోవతులు మూట కట్టుకుని బయలుదేరాడు. సరిహద్దులో కరోడ్‌గిరి, అంటే నిజాం సర్కారు సుంకం నాకా, ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మిగిలిన పైసలు అక్కడే పోయాయి.

ఇక పని. మగ్గం మీద పుట్టిన మనిషికి మిల్లులో పని కొత్త కాదనుకుంటాం. నేత కొత్త కాదు, గంట కొత్త. ఇంట్లో గుంట మగ్గం దగ్గర ఆకలైతే లేచేవాడు, ఎండ ముదిరితే ఆపేవాడు. ఇక్కడ భోంగా మోగితే లోపల ఉండాలి. ఉన్నా పని దొరుకుతుందని లేదు. కొత్తవాళ్లంతా బదలీ కూలీలు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఆ రోజు రానివాళ్ల చోట్లో జాబర్ ఎవరిని పిలిస్తే వాళ్లు లోపలికి. పిలిపించుకోవడానికి దస్తూరీ ఇవ్వాలి. ఈ లంచాల సంగతి 1931 నాటి రాయల్ కమిషన్ నివేదికలోకి కూడా ఎక్కింది. ముత్తాతకు మాత్రం దస్తూరీ అంటే ఏమిటో తెలిసేసరికి పన్నెండు రోజులు గేటు బయటే గడిచిపోయాయి.

లోపలికి వెళ్లిన రోజు ఎవరో మరాఠీలో "కోణతం ఖాతం?" అని అడిగారు. మిల్లులో ఖాతా అంటే డిపార్టుమెంటు. మన ఊళ్లో ఖాతా అంటే షావుకారు దగ్గర బాకీ. "నాకెవ్వల బాకీ లేదు" అని గట్టిగా చెప్పాడు. సైజింగ్ ఖాతాలో వేశారు. పడుగుకు గంజి పెట్టే చోటు. నిండు బాదలీ ఎత్తుకుని నిలబడితే జాబర్ అరిచాడు: "ఖాలీ ఠేవ్!" మరాఠీలో ఖాలీ అంటే కింద. కింద పెట్టు అన్నాడు. ఈయన బాదలీని ఖాళీ చేశాడు, జాబర్ కాళ్ల మీద. వేడి గంజి కాకపోవడం ఇద్దరి అదృష్టం. "నువ్వు చెప్పినట్లే జేసిన గద!" అని ఈయన, "ఖాలీ, ఖాలీ!" అని నేల చూపిస్తూ ఆయన. ఒక రోజు కూలి కోత. ఆ కోత గురించి చెప్పేటప్పుడు ముత్తాత గొంతులో కోపం అరవై ఏళ్లు వచ్చినా తగ్గలేదని మా బాపు అంటాడు.

మేము గమనించింది ఒకటి ఉంది. పూర్తిగా తెలియని మాట దగ్గర మనవాళ్లు తప్పు చేయలేదు. తెలియకపోతే అడిగేవారు. తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తా పడ్డారు. నిజాం రాజ్యంలో చెవిన పడ్డ ఉర్దూ ఉంది కదా, ఖాళీ అంటే తెలుసు. ఇంటి దగ్గర ఆడవాళ్లదీ అదే కథ. నీళ్ల దగ్గర మాటా మాటా వచ్చి అవ్వ మూతి ముడుచుకుంటే, పక్కింటి మరాఠీ ఆమె బుజ్జగిస్తూ "రాగ్ ఆలా కా?" అని అడిగింది. కోపం వచ్చిందా అని. అవ్వ మొహం అటే తిప్పుకుని, "రాగులు రాలే, జొన్నలే వచ్చినయి" అంది. పక్కనున్న మనావిడ ఒకామె చెబితే అప్పుడు ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె ఇంటి నుంచి షేంగా చట్నీ, మన ఇంటి నుంచి పచ్చి పులుసు అటూ ఇటూ తిరిగాయి.

పని మాటలు మాత్రం త్వరగానే అబ్బాయి. మనం కండె అంటే వాళ్లు కాండీ, మనం మగ్గం అంటే వాళ్లు మాగ్. మిల్లు మగ్గాన్ని సాంచా అనేవారు. ఇవ్వాళ సిరిసిల్లకు వెళ్లండి, మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. బతుకమ్మను మనం అక్కడి నుంచి తెచ్చుకున్నాం, సాంచా ఇటు నుంచి అటు పోయిందని మా నమ్మకం.

ఇప్పుడు నవ్వలేని సంగతి.

మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇక్కడ పేరు ముందు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మిల్లు గుమాస్తా పేరు అడిగాడు. ముత్తాత మనలాగే చెప్పాడు. గుమాస్తా మొదటి మాటను పేరు గడిలో, రెండో మాటను తండ్రి గడిలో రాసుకున్నాడు. అంటే ఆ కాగితం ప్రకారం మా ముత్తాతకు ఆయనే తండ్రి. ఆయనకు చదువు రాదు, వేలిముద్ర వేశాడు. తాతను బడిలో వేసినప్పుడు మాత్రం మాస్టరు సరిగ్గా అడిగి మరాఠీ పద్ధతిలో రాశాడు. బడి దాఖలాలో ఉన్న తండ్రి, మిల్లు పాసులో ఉన్న మనిషి ఇద్దరూ వేరువేరు అయిపోయారు. అవ్వల పేర్ల చివర అమ్మ పోయి బాయి వచ్చింది, అది ఇంకో చిక్కు.

ఎనభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. మూడేళ్ల కింద మా అన్న కూతురు ఇంజినీరింగ్ అడ్మిషన్‌కు కుల ధ్రువపత్రం కావలసి వచ్చింది. మహారాష్ట్రలో ఓబీసీ, ఎస్‌బీసీ పత్రాలకు 13-10-1967 కంటే ముందు నుంచి కుటుంబం ఈ రాష్ట్రంలో ఉందని ఆధారం చూపాలి. మా దగ్గర పాత ఆధారం మిల్లు పాసు ఒక్కటే. "ఈయన మీకేమవుతాడు?" అని అడిగారు ఆఫీసులో. ముత్తాత అన్నాం. "కాగితం అలా చెప్పడం లేదు" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, కాగితం నిజంగానే అలా చెప్పడం లేదు. అఫిడవిట్లు, చుట్టాల కాగితాలు, తిరుగుళ్లు. ఈలోగా మొదటి విడత గడువు దాటింది. పిల్ల కోరుకున్న కాలేజీ పోయింది. రెండో విడతలో ఇంకో ఊళ్లో సీటు వచ్చింది, చదువుకుంటోంది. ఆ రాత్రి అది అడిగిన మాట మాకు ఇంకా గుర్తుంది: "ముత్తాత పేరు తప్పు రాస్తే నాకెందుకు శిక్ష, బాబాయ్?"

అందుకే అడుగుతున్నాం. మీ ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున మిల్లు పాసు, బీడీ కార్ఖానా కార్డు, ఇంటి కిరాయి చిట్టీ, బడి దాఖలా ఏది ఉన్నా తీయండి. 1967కు ముందువైతే మరీ మంచిది. ఏ పేరు ఎవరిదో, ఇంటిపేరు ఏదో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే వేరే కాగితం మీద రాసుకుని దానికి జత చేయండి. అసలు కాగితం మీద ఏమీ రాయొద్దు, ప్లాస్టిక్ పూత వేయించొద్దు. వచ్చే రెండు ఆదివారాలు పొద్దున పది నుంచి హాల్లో మేము ఉంటాం. జిరాక్స్ ఖర్చు సంఘానిదే. మరాఠీ మోడీ లిపిలో ఉన్న కాగితమైనా తీసుకురండి, చదవగలిగిన పెద్దాయన ఒకరు వస్తానన్నారు.